బిగ్ ఎయిర్ పోటీల్లో ఖరీదైన కైట్లకు హద్దు పెట్టాలా? గెలుస్తున్నది మనిషా, గుడ్డా?

పటమట_గాలి

మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఐదుగురం కూర్చుని రెడ్ బుల్ కింగ్ ఆఫ్ ది ఎయిర్ పాత వీడియోలు వరసపెట్టి చూశాం. అక్కడ మొదలైన వాదన తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కైట్‌బోర్డింగ్‌లో కాళ్ళ కింద చిన్న బోర్డు, నడుముకి హార్నెస్ అనే పట్టీ, చేతిలో కైట్‌ని నడిపే బార్, 22 నుంచి 24 మీటర్ల లైన్ల చివర గాలి నింపిన కైట్. బిగ్ ఎయిర్ అంటే ఆ కైట్ ఊపుతో నీళ్ళ మీంచి లేచి, పైన ఉండగానే కైట్‌ని గిరగిరా ఒక చుట్టు తిప్పి, అది మళ్ళీ నెత్తి మీదకొచ్చి మనల్ని పట్టుకున్నాక దిగడం. ఆ చుట్టునే లూప్ అంటారు. ఇప్పటివాళ్ళు ఒక్క ఎగురులో రెండు మూడు చుట్లు తిప్పేస్తున్నారు. ఈ పోటీ 2000లో హవాయి దీవుల్లోని మావిలో మొదలైంది. కొన్నేళ్ళు ఆగిపోయి, 2013 నుంచి కేప్‌టౌన్‌లో జరుగుతోంది. అక్కడ వేసవిలో వీచే ఆగ్నేయపు గాలిని కేప్ డాక్టర్ అంటారు.

ఇక నా మాట. ఇన్నాళ్ళూ కైట్ ముందు గొట్టాన్ని డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతో కుట్టేవాళ్ళు. ఇప్పుడు అల్యూలా లాంటి కొత్త గుడ్డలొచ్చాయి. బరువు తక్కువ, బిగువు ఎక్కువ, ధర మాత్రం డాక్రాన్ కైట్ కంటే చాలా ఎక్కువ. పోటీకి వెళ్ళేవాడికి ఒక్క కైట్ చాలదు, గాలిని బట్టి మూడు నాలుగు సైజులు కావాలి. స్పాన్సర్ లేని కుర్రాడు ఎక్కడి నుంచి తెస్తాడు? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ రేసు మొదటిసారి పెట్టినప్పుడు, ఆమోదించిన జాబితాలో ఉన్న పరికరాలతోనే దిగాలన్నారు. ఆ నియమం బిగ్ ఎయిర్‌కీ రావాలి. అందరికీ ఒకే రకం గుడ్డ ఇవ్వండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి సత్తా ఎంతో.

బాపట్ల_అలలు

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. నేనూ సొంత డబ్బులతోనే ఎగురుతున్నా. కానీ నీ వాదన తప్పు.

ఆరన్ హాడ్లో సంగతి చూడు. ఇంగ్లండ్ మనిషి. 2004 నుంచి 2008 దాకా వరసగా ఐదేళ్ళు ఫ్రీస్టైల్ అనే విన్యాసాల విభాగంలో ప్రపంచ విజేత. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2005 ప్రాంతంలో, ఫ్రాన్స్‌కి చెందిన బ్రూనో లెగైన్యూ తయారుచేసిన బో కైట్ వచ్చి కైట్ల తీరునే మార్చేసింది. అంతకుముందు సి ఆకారపు కైట్‌కి బలం తగ్గించే వీలు పెద్దగా ఉండేది కాదు. గాలి ఎక్కువైతే ఈడ్చుకుపోవడమే. ఇంత మార్పు జరిగిపోయాక హాడ్లో 2015లో, 2016లో కింగ్ ఆఫ్ ది ఎయిర్ గెలిచాడు. జెస్సీ రిచ్‌మన్ 2013లో గెలిచి, మళ్ళీ ఏడేళ్ళకు 2020లో గెలిచాడు. ఈ ఏడేళ్ళలో కైట్లు మారాయి, బోర్డులు మారాయి, తీర్పు చెప్పే పద్ధతి మారింది. మనిషి మాత్రం అతనే కదా?

నేను రామేశ్వరంలో నేర్చుకున్నా. రెండో ఏడాది సెకండ్ హ్యాండ్‌లో 9 చదరపు మీటర్ల డాక్రాన్ కైట్ కొన్నా. అమ్మినాయన ఎవరన్నది ఇక్కడ అనవసరం. 'లైన్లు కొత్తవి' అన్నాడు, నమ్మాను. నీళ్ళలోకి దిగితే కైట్ నెత్తి మీద నిలబడదు. బార్ కాస్త లాగానో లేదో వెనక్కి జారి నీళ్ళలో పడుతుంది. మూడు రోజులు కైట్‌నే తిట్టుకున్నా. గుడ్డ పాతబడింది, అందుకే ఇలా అవుతోంది అనుకున్నా. డబ్బు కూడగట్టి కొత్తది కొనేద్దామని కూడా నిర్ణయించుకున్నా.

ఇంటికొచ్చాక ఒక పొద్దున సూర్యలంకలో నాలుగు లైన్ల కొసలూ కలిపి ఒక సరుగుడు చెట్టుకి కట్టి, రెండో కొసన బార్ పట్టుకుని వెనక్కి వాలి గట్టిగా లాగా. ముందు లైన్లు రెండూ వెనక లైన్ల కంటే నాలుగు వేళ్ళ వెడల్పు పొడుగున్నాయి. బరువంతా మోసేది ముందు లైన్లే కాబట్టి వాడగా వాడగా అవే సాగుతాయి. అంటే నేను బార్ వదిలేసినా కైట్‌కి మాత్రం వెనక లైన్లు లాగి పట్టుకున్నట్టే ఉంటోంది. వెనక లైన్లు ఆ మేరకు పొడుగయ్యేలా వాటి కొసన ఉన్న ముడి ఒకటి ముందుకి మార్చా. అంతే. ఆ మధ్యాహ్నం అదే కైట్ మీద ఎగిరినంత ఎత్తు అంతకుముందు నా జీవితంలో ఎప్పుడూ ఎగరలేదు.

సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసిన ప్రతివాడికీ ఇది తెలిసిన సంగతే. దారం కట్టే చోట వేలెడు తేడా వస్తే ఎంత మంచి కాగితమైనా గిరికీలు కొట్టి నేలకొస్తుంది. పోటీకి వెళ్ళేవాడి పనితనం ఇలాంటి చోట్లే ఉంటుంది. ఏ సైజు పట్టాలి, లైన్ 22 మీటర్లా 24 మీటర్లా, ముడి ఎక్కడ వెయ్యాలి అన్న లెక్కలే పోటీ. లైన్ పొడుగైతే కైట్ ఊపందుకోవడానికి చోటు ఎక్కువ, ఎత్తు వస్తుంది. పొట్టిదైతే లూప్ చిన్నగా, వేగంగా తిరిగి త్వరగా నెత్తి మీదకొస్తుంది. ఎవరికేది కావాలో వాళ్ళు తేల్చుకోవాలి. దీనికి హద్దులు పెడితే ఆటలో సగం తీసేసినట్టే.

నూలు_గుంటూరు

నేను కైట్ ఎక్కినవాణ్ణి కాదు. ముప్పై ఏళ్ళుగా గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో నూలు, గుడ్డ పనిలో ఉన్నా. మా అబ్బాయి ఈ ఆట చూపించిన దగ్గర నుంచి ఆ గుడ్డల గురించే చదువుతున్నా. బాపట్ల ఆయన చెప్పిన లైన్ల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ గుడ్డకి ఏమీ లేదన్నట్టు మాట్లాడారు, అది నేను ఒప్పుకోను.

ఒక చేతిరుమాలు తీసుకోండి. అంచు వెంబడి రెండు చేతులా లాగండి, సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఏటవాలుగా లాగండి. బెత్తెడు సాగుతుంది. నేసిన గుడ్డ ఏదైనా అంతే, పడుగు పేక ఒకదాని మీదుగా ఒకటి ఎక్కి దిగుతాయి కాబట్టి ఏటవాలు లాగుడికి లొంగుతాయి. డాక్రాన్ కూడా నేసినదే. ఎంత గట్టి పూత వేసినా ఆ గుణం పూర్తిగా పోదు. ఇప్పుడు కైట్ ముందు గొట్టం సంగతి ఆలోచించండి. గాలి 20 నాట్ల నుంచి 40 నాట్లకు పెరిగితే వేగం రెండింతలైందనుకుంటాం, కానీ కైట్ మీద పడే బలం నాలుగింతలవుతుంది. లూప్ మధ్యలో కైట్ తన సొంత వేగంతో కూడా దూసుకుపోతుంటుంది. అప్పుడు గొట్టం మెలితిరుగుతుంది. మెలితిరిగిన కైట్ తాను తిరగాల్సిన దారి తప్పి ఆలస్యంగా పైకొస్తుంది. కింద మనిషి మాత్రం పడుతూనే ఉంటాడు.

అల్యూలా రకం గుడ్డ అలా సాగదు. పోగుల్ని పలచటి పొరతో విడదీయలేనట్టు ఒక్కటిగా కలిపేస్తారు. ఆ పోగు మీ లైన్లు తయారయ్యే డైనీమా కుటుంబంలోదే, చాలా పెద్ద అణువుల పాలిథీన్. బరువు తక్కువ, సాగుడు తక్కువ. అందువల్ల గొట్టంలో గాలి ఇంకా బిగువుగా కొట్టవచ్చు, గొట్టాన్ని సన్నగానూ చేయవచ్చు. సన్నని గొట్టం గాలికి తక్కువ అడ్డుపడుతుంది. కైట్ చివర్ల బరువు తగ్గితే తిరుగుడు కూడా చురుకవుతుంది.

కాబట్టి మూడు చుట్లు తిప్పి దిగే ఈ కాలంలో గుడ్డ తేడా చిన్నది కాదు. పటమట అబ్బాయి చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. ఇంకో మాట. ఆ గుడ్డ చిరిగితే మన దగ్గర దర్జీ మిషన్ మీద సరిచేయించుకునే పని కాదు. కొనడం ఒక ఖర్చు, నిలబెట్టుకోవడం ఇంకో ఖర్చు.

వన్‌టౌన్_కుర్రాడు

ఇంత ఎందుకు అన్నా, ఎత్తు కొలిచేస్తే సరిపోతుంది కదా. బోర్డు మీద వూ సెన్సర్ పెడతారు, మీటర్లు చెబుతుంది. నిక్ జేకబ్సన్ 2017లో కేప్‌టౌన్‌లో 28.6 మీటర్లు ఎగిరాడు. అంటే మన బెంజి సర్కిల్ దగ్గర తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తు! అదే ఏడాది కింగ్ ఆఫ్ ది ఎయిర్ కూడా గెలిచాడు. ఎవడు ఎక్కువ ఎగిరితే వాడే గెలిచినట్టు, గుడ్డ ఏదైతే ఏం?

అసలు మనం భవానీ ద్వీపం దగ్గర ఒకసారి ట్రై చేద్దాం. బ్యారేజీకి ఎగువన నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి.

కృష్ణలంక_ఫిజియో

బాబూ, ముందు నీ రెండో మాటకి జవాబిస్తాను. అది ప్రాణం మీదకొచ్చే మాట.

కృష్ణ మీద బ్యారేజీకి ఎగువన కైట్ ఎగరేయొద్దు. ఒకవైపు ఇంద్రకీలాద్రి, చుట్టూ కొండలు. కొండ దాటి వచ్చే గాలి ఒక తీరుగా ఉండదు, సుడులు తిరుగుతూ వస్తుంది. ఒక్క క్షణం కైట్ చచ్చుబడుతుంది, మరుక్షణం భుజాలు ఊడేలా లాగుతుంది. గాలి తోసే వైపు కనీసం వంద రెండు వందల మీటర్లు ఖాళీ ఉండాలి. ఇక్కడ ఉన్నవి పడవలు, ఘాట్లు, కరెంటు తీగలు, రోడ్డు. సంక్రాంతికి మాంజా మెడకు తగిలి బండి మీద వెళ్ళేవాళ్ళు ఎలా గాయపడుతున్నారో మనం చూస్తూనే ఉన్నాం. కైట్ లైన్ దానికంటే ఎన్నో రెట్లు గట్టిది, బిగిసి ఉన్నప్పుడు కత్తిలా కోస్తుంది. సూర్యలంకలోనూ ఎప్పుడు పడితే అప్పుడు దిగకూడదు. మే, జూన్‌లలో పడమటి గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. ఆ గాలిలో లైన్ తెగితే తిరిగి ఒడ్డుకి రావడం మన చేతిలో ఉండదు.

ఇక ఎత్తు సంగతి. 20 మీటర్ల నుంచి ఆసరా లేకుండా పడితే నీళ్ళను తాకేటప్పటికి వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో నీళ్ళు మెత్తగా ఉండవు. కైట్ సమయానికి నెత్తి మీదకొస్తేనే మనిషి నెమ్మదిగా దిగుతాడు. అందుకే ఎత్తొక్కటే కొలిస్తే, అన్నిటికంటే కష్టమైన పనికి మార్కులు లేనట్టే. పైకి లేచినవాడు కైట్‌ని తనకంటే కిందికి పంపి లూప్ కొడితే ఎత్తు కొంత పోతుంది, ప్రమాదం పెరుగుతుంది, నేర్పు పదింతలు కావాలి. నెదర్లాండ్స్ రైడర్ రూబెన్ లెంటెన్ మెగాలూప్ అనే ఈ విన్యాసానికి ప్రాణం పోసిందే అలా. జడ్జీలు ఎత్తుతో పాటు తెగువ, వైవిధ్యం, దిగే తీరు కూడా చూడాల్సిందే.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతా. బూట్లు బిగించిన బోర్డు వాడేవాడు. వంకరగా దిగాడు, బోర్డు ఒకవైపు తిరిగింది, బూట్లో ఉన్న కాలు దానితోపాటే తిరిగింది. మోకాలి లిగమెంట్ తెగింది. ఆరు నెలలు నా టేబుల్ మీదే వ్యాయామాలు చేశాడు. మొదటి నెల తొడ కండరం బిగించమంటే బిగించలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. బూట్లకు బదులు పాదం దూర్చే స్ట్రాప్‌లు అయితే కాలు జారి బయటికొచ్చే అవకాశం ఉండేది. బూట్లు చెడ్డవని నేను అనను, హార్నెస్ హుక్ విడిచి చేసే ఫ్రీస్టైల్ విన్యాసాలకు అవి కావాలి. కానీ బోర్డుని గాల్లో కాలి నుంచి తీసి మళ్ళీ తొడుక్కునే విన్యాసాలు స్ట్రాప్‌లతోనే కుదురుతాయి. కెవిన్ లాంగరీ లాంటివాళ్ళు వాటితోనే పేరు తెచ్చుకున్నారు. ఎత్తు మీద, లూప్ మీద మనసున్న మన పిల్లలకి స్ట్రాప్‌లే మంచివి.

హద్దు పెట్టాలంటే హెల్మెట్, ఒంటికి దెబ్బ తగలకుండా కాపాడే ఇంపాక్ట్ వెస్ట్ లేకుండా ఎవరూ దిగకూడదని పెట్టండి. గుడ్డ సంగతి నాకు ఆ తరవాతే.

వన్‌టౌన్_కుర్రాడు

సారీ అక్కా, కొండల గాలి గురించి నాకు తెలియదు. ద్వీపం ఆలోచన మానుకున్నా.

పటమట_గాలి

నూలు గారూ, చేతిరుమాలు ఇప్పుడే లాగి చూశా. ఇన్నేళ్ళూ డాక్రాన్ మెత్తబడుతుందని నోటితో అనడమే తప్ప ఎందుకో తెలియదు.

బాపట్ల అన్నా, మీరు చెప్పిన పేర్లు చూస్తే నాకు ఇంకో అనుమానం వస్తోంది. హాడ్లో, రిచ్‌మన్ ఇద్దరికీ కంపెనీల అండ ఉంది. కొత్త కైట్ రాగానే వాళ్ళ చేతికి వస్తుంది. మనిషి అతనే అన్నారు, నిజమే, కానీ ఏ కాలంలోనూ ఆ మనిషి చేతిలో పాత కైట్ లేదు. పాత కైట్‌తో కొత్త కైట్ వాళ్ళని ఓడించినవాడి పేరు చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా. కాకపోతే పెద్దల పోటీలో కంపెనీలు కొత్తవి ప్రయత్నించాలి, అది ఆపితే ఆట ముందుకు పోదు. అక్కడ వదిలేద్దాం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల పోటీల్లో మాత్రం అందరికీ డాక్రానే ఉండాలి. దీని మీద నేను వెనక్కి తగ్గను.

బాపట్ల_అలలు

పాత కైట్‌తో గెలిచినవాడి పేరు చెప్పమన్నావు. నా దగ్గర లేదు. నీ మాట నిజం, స్పాన్సర్ అండ లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడా. పిల్లల పోటీల్లో ఒకే గుడ్డ అంటే నేనూ నీ పక్కనే. పిల్లవాడు ముడి ఎక్కడ వెయ్యాలో నేర్చుకోవాలి, వాళ్ళ నాన్న జేబు ఎంత లోతో కాదు పోటీ చూడాల్సింది.

పెద్దల విషయంలో మాత్రం నా మాట నాదే. అయినా నీ కైట్ ఎన్నేళ్ళది? లైన్లు ఎప్పుడైనా కొలిచావా?

పటమట_గాలి

నాలుగేళ్ళది అన్నా. ఒక్కసారి కూడా కొలవలేదు. ఈ మధ్య నాదీ వెనక్కి జారుతోంది, గుడ్డ పోయిందనే అనుకుంటున్నా.

బాపట్ల_అలలు

ఆదివారం పొద్దున ఆరింటికి సూర్యలంక వచ్చెయ్. గాలి లేవకముందే చెట్టుకి కట్టి చూద్దాం. కైట్ అక్కర్లేదు, బార్, లైన్లు తెస్తే చాలు. నూలు గారూ, మీ అబ్బాయిని కూడా పంపండి.

నూలు_గుంటూరు

నేనూ వస్తాను. మీ పాత డాక్రాన్ ముక్క ఏదైనా ఉంటే తీసుకురండి, చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.