9 వేల బడ్జెట్: ఆంప్ కొనాలా, అంతా హెడ్‌ఫోన్ మీదే పెట్టాలా?

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్కారం. నా దగ్గర 9 వేలున్నాయి. దసరా బోనస్‌లో ఇంట్లోవాళ్ల బట్టలు పోగా మిగిలింది అదే, పైసా పెరగదు. మంచి హెడ్‌ఫోన్, వీలైతే ఒక ఆంప్ (సౌండు సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్) తీసుకోవాలని ఉంది. నేను వినేవి ఇళయరాజా, ఘంటసాల. ఇవి కాక మా నాన్నగారు ఎప్పుడో విశాఖపట్నం రేడియోలో వచ్చిన హరికథలు క్యాసెట్లకి ఎక్కించుకున్నారు. ఓ 40 ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే లాప్‌టాప్‌లోకి దింపుతున్నాను. ఇప్పుడున్నది ఫోను పెట్టెలో వచ్చిన ఇయర్‌ఫోను. సినిమా పాటలకి ఫర్వాలేదు గాని, హరికథ పెడితే సౌండు ఫుల్లు చేసినా దాసుగారు పక్క వీధిలో చెప్తున్నట్టుంటుంది. మా ఆఫీసులో ఒకాయన "ఆంప్ లేకపోతే ఎంత ఖరీదు హెడ్‌ఫోనైనా దండగే" అన్నాడు. అందుకని సగం సగం పెడదామనుకుంటున్నా: 4,500 దీనికి, 4,500 దానికి. ఏమంటారు?

నాగావళి ఒడ్డున:
సగం సగం వద్దు తమ్ముడూ. చెవికి వినబడేది హెడ్‌ఫోన్ లోపలి పల్చటి పొర కదిలితే పుట్టే చప్పుడు. ఆంప్ దానికి కరెంటు అందిస్తుంది, అంతే. 4,500 హెడ్‌ఫోనుకి, 8 వేల హెడ్‌ఫోనుకి తేడా కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఫోను జాక్‌కి, 4,500 ఆంప్‌కి తేడా చాలాసార్లు చెప్పలేం. మొత్తం హెడ్‌ఫోన్ మీదే పెట్టు. మీ ఆఫీసాయన ఆంప్ అమ్ముతున్నాడేమో కనుక్కో ముందు.

జయపురం సోల్డర్:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి మాస్టారూ. నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కింద బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో హెడ్‌ఫోను, 250 ఓముల రకం (ఓము అంటే కరెంటుని ఆపే నిరోధానికి కొలత), సెకండ్ హ్యాండ్‌లో పట్టాను. ఇంటికొచ్చి ఫోనుకి పెడితే ఏముంది, పెళ్లివారింట్లో మైకు పాడైనట్టు. కంపెనీ లెక్క ప్రకారమే దానికి 1 మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్ (సౌండు కొలత) వస్తుంది. 250 ఓములకి ఆ 1 మిల్లీవాట్ అందాలంటే అర వోల్టు కావాలి. నా ఫోను గట్టిగా అరిస్తే ఇచ్చేదే అర వోల్టు. అంటే 96 నా పైకప్పు. ఇప్పటి సినిమా పాటలైతే మొదటి నుంచి చివరిదాకా ఒకటే మోతగా మిక్స్ చేస్తారు కాబట్టి సరిపోయినట్టే ఉంటుంది. కచేరీ పెట్టామంటే, ఆలాపన మెల్లగా సాగేచోట 65 దగ్గర పడుతుంది. ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. అప్పుడు నేనే ఒక ఆంప్ కట్టుకున్నాను. చూ మోయ్ అనే ఆయన పేరు మీద సీమోయ్ అంటారు దాన్ని: ఒక ఆప్-ఆంప్ చిప్పు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, నాలుగు కెపాసిటర్లు, పిప్పరమెంటు డబ్బా. విడిభాగాలన్నీ కలిపి వెయ్యి కూడా కాలేదు. ఆ తర్వాతే ఆ హెడ్‌ఫోనుకి ప్రాణం లేచొచ్చింది.

నాగావళి ఒడ్డున:
మీరు చెప్పింది నాకే సాక్ష్యం. మీది 250 ఓముల జంతువు. కుర్రాడి బడ్జెట్ చుట్టుపక్కల దొరికేవి చాలావరకు 30 నుంచి 50 ఓముల మధ్యవి. ఉదాహరణకి ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్ చూడండి, 35 ఓములు, 1 మిల్లీవాట్‌కి 98 డెసిబెల్. అదే అర వోల్టు దీనికిస్తే 7 మిల్లీవాట్లు లాగుతుంది. 7 రెట్లు అంటే ఎనిమిదిన్నర డెసిబెల్ అదనం, మొత్తం 106. అంతకు మించి ఏం వినాలి? ఆంప్ కావాల్సిన హెడ్‌ఫోన్ కొని, దానికోసం ఆంప్ కొని, రెండూ మంచివే అని మురిసిపోవడం మన హాబీలో మామూలే. నేనూ చేశాను, కాదనను.

బరంపురం బావ:
ఇదంతా లెక్కల గోల. సౌండు ఎంత వచ్చింది అన్నది కాదు, ఎలా వచ్చింది అన్నది ముఖ్యం. మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి స్టీరియో ఆంప్లిఫయర్ ఉంది, ముందు భాగంలో లావు హెడ్‌ఫోన్ రంధ్రం. మామూలు 32 ఓముల హెడ్‌ఫోనే దానికి పెడితే ఇళయరాజా బేస్ గిటారు గుండెల్లో మోగుతుంది. ఫోనుకి పెడితే దోసెలో ఉప్పు మర్చిపోయినట్టు. ఇలాంటి పాతవి మన పాత సామాన్ల కొట్లలో రెండు మూడు వేలకి దొరుకుతాయి. అదీ ఆంపే కదా!

జయపురం సోల్డర్:
బావగారూ, ఆ మోత ఎక్కడిదో చెప్పనా? పాత స్టీరియోల్లో హెడ్‌ఫోనుకి విడిగా ఆంప్ పెట్టరు. స్పీకర్‌కి వెళ్లే లైనులోంచి వందల ఓముల రెసిస్టర్ ఒకటి వేసి రంధ్రానికి కలిపేస్తారు. 32 ఓముల హెడ్‌ఫోన్ నిజంగా అన్ని స్వరాల దగ్గరా 32 ఉండదు. బేస్‌లో, అంటే మంద్రస్వరాల్లో, ఒకచోట దాని నిరోధం పెరుగుతుంది. వెనక పెద్ద రెసిస్టర్ ఉంటే సరిగ్గా అక్కడే వోల్టేజీ వాటా ఎక్కువ పడి బేస్ ఉబ్బుతుంది. గిటారు అంతలా మోగమని ఇళయరాజా చెప్పలేదు, మీ రెసిస్టర్ చెప్పింది. అందుకే ఆంప్ లోపలి నిరోధం హెడ్‌ఫోను దానిలో ఎనిమిదో వంతు దాటకూడదంటారు. 32కి 4 ఓములు, అంతే.

బరంపురం బావ:
నాకు బాగుంది కదా. నీ ఎనిమిదో వంతు నువ్వుంచుకో.

నాగావళి ఒడ్డున:
బాగుండటం తప్పు కాదు బావా. ఈక్వలైజర్‌లో (బేస్, ట్రెబుల్ విడివిడిగా మార్చే యాప్) బేస్ నాలుగు పాయింట్లు పెంచితే పైసా ఖర్చు లేకుండా అదే బాగుంటుంది. ఫోనులో వేవ్‌లెట్, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, రెండూ ఉచితం. ఓపాలి రెండిటినీ ఒకే సౌండు మట్టానికి తెచ్చి, ఏది ఏదో నీకు తెలియకుండా మీవాడెవడి చేతైనా మార్పించుకుని విను. మట్టం సమానం చేయడమే అసలు కిటుకు. ఒక డెసిబెల్ ఎక్కువున్నదే మన చెవికి "క్లారిటీ" అనిపిస్తుంది.

ఇంకో మాట, ఇది అందరికీ. కరెంటు ప్లగ్గుతో నడిచే ఆంప్ కొనేముందు మీ ఇంట్లో ఎర్తింగ్ చూసుకోండి. నేను ఒకటి కొన్నాను. హెడ్‌ఫోన్ పెట్టగానే 'మ్‌మ్‌మ్' అని తుమ్మెద రొద. లాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగిపోతుంది, పెడితే మొదలు. లాప్‌టాప్ ఒంటి మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమంటుంది. కేబుళ్లు రెండుసార్లు మార్చాను. చివరికి స్విచ్‌బోర్డు విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే లేదు, ఇత్తడి గొట్టం ఖాళీగా బోసి నోరు తెరుచుకుని ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "హొయిజిబొ బాబు" అన్నాడు, అయిపోతుందిలే అని. ఆ అయిపోవడానికి రెండు నెలలు పట్టింది. పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ చేశాక రొద పోయింది. కొండ నాలుకకి మందు కోసం వెళ్లి ఇంటి వైరింగ్ అంతా మార్పించుకున్నాను.

గుణుపురం టీచరమ్మ:
అబ్బాయి అడిగింది ఒకటి, మీరు కొట్టుకుంటున్నది ఒకటి. బాబూ, సినిమా పాటలు ఫర్వాలేదన్నావు, హరికథే వినబడట్లేదన్నావు. ఫోను అదే, ఇయర్‌ఫోను అదే. మరి లోపం ఎక్కడుంది? ఆడాసిటీలో (సౌండు ఫైళ్లు ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఒక క్యాసెట్ ఫైలు తెరిచి, అలల బొమ్మలో అన్నిటికంటే ఎత్తైన చోట ఎంతుందో చూసి చెప్పు.

పర్లాకిమిడి కుర్రాడు:
చూశానండి. బొమ్మంతా నడిమధ్య సన్నటి దారంలా ఉంది. గట్టిగా కేక పెట్టిన చోట కూడా మైనస్ 24 డెసిబెల్. మామూలుగా కథ చెప్పేచోట మైనస్ 40 దాకా ఉంది.

గుణుపురం టీచరమ్మ:
అదీ సంగతి. ఫైల్లో పట్టే గరిష్ఠం సున్నా, సినిమా పాటల్లో శిఖరం దాన్ని తాకుతుంది. నీది దానికంటే 24 కింద ఉంది. ఆ ఫైలుని అక్కడే 20 పెంచు. 20 డెసిబెల్ అంటే వోల్టేజీలో 10 రెట్లు. మామూలు హెడ్‌ఫోన్ ఆంప్‌లు పెంచేది మూడు రెట్లు, ఇంకొంచెం. అంటే ఈ పెద్దమనుషులు 4,500 పెట్టి ఇప్పించబోయే పెంపు కంటే ఎక్కువ నీకు రెండు క్లిక్కుల్లో ఉత్తినే వస్తుంది.

జయపురం సోల్డర్:
అమ్మా, ఫైలు పెంచితే క్యాసెట్ 'ఇస్‌స్‌స్' కూడా 10 రెట్లు అవుతుంది కదా?

గుణుపురం టీచరమ్మ:
ఆంప్‌తో పెంచితే అవదా? ఆంప్‌కి దాసుగారెవరో, టేపు రొద ఎవరో తెలియదుగా. రెండిటినీ ఒకేలా పెంచుతుంది. 16 బిట్ల డిజిటల్ ఫైల్లో మెల్లని చప్పుడు నుంచి గట్టిదాని దాకా 96 డెసిబెల్ చోటుంది, 24 కింద రికార్డయినా ఇంకా 72 మిగిలింది. మామూలు క్యాసెట్‌లో సద్దుకీ రొదకీ మధ్య ఉండేదే 50 చిల్లర. కాబట్టి డిజిటల్‌లో పెంచడం వల్ల కొత్తగా పోయేదేమీ లేదు. పైగా ఫైల్లో పెంచితే నీ లాప్‌టాప్ జాక్ సొంత రొద పెరగదు. వెనక ఆంప్ పెడితే అదీ పెరుగుతుంది. కాదంటారా?

జయపురం సోల్డర్:
కాదనను. ఆ ఒక్క పాయింటు మీద ఓడాను. కానీ ఆంప్ అక్కర్లేదన్న మాట మీద ఓడలేదు. లాప్‌టాప్ జాక్ చెత్తదైతే, లోపల ఫ్యాను తిరిగినప్పుడల్లా కిచకిచ వినబడితే, బయట ఒక డాక్ (డిజిటల్ ఫైలుని సౌండు సిగ్నల్‌గా మార్చే పరికరం) ఉండాల్సిందే.

నాగావళి ఒడ్డున:
దానికి ఆంప్ ఎందుకు, డాంగిల్ (వైరు ముక్కలాంటి చిన్న డాక్) చాలు. ఆపిల్ వాళ్ల టైప్-సీ డాంగిల్ పెద్ద పెద్ద డాక్‌లతో పోటీ పడేంత శుభ్రంగా ఉంటుంది. పొడవు వేలెడు. 1 వోల్టు ఇస్తుంది, యూరప్‌లో అమ్మే రకం మాత్రం సగమే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని లోపలి సౌండు తక్కువకే ఆగిపోతుంది, అది చూసుకోవాలి. విండోస్ లాప్‌టాప్‌లో ఆ గోల లేదు.

సిరొంచ గోదారి:
మాది గడ్చిరోలి జిల్లా, సరిహద్దు అటు చివర. ఒకటే చెప్త. హెడ్‌ఫోన్ కొనేటప్పుడు చెవి గద్దెలు విడిగ దొరుకుతయా లేదా చూడుండ్రి. నాది రెండు ఎండకాలాలకే తోలు పెచ్చులూడింది. చెవి చుట్టు నల్లటి పొట్టు అంటుకుంటె మా పిల్లలు ఒకటే నవ్వుడు. గద్దె పోతె బేస్ గూడ పోతది, లోపల గాలి ఆగదు గద.

గుణుపురం టీచరమ్మ:
మంచి మాట చెప్పారు. ఇంకొకటి, పెంచిన ఫైలుని పాత ఫైలు మీద సేవ్ చేయకు బాబూ, వేరే పేరు పెట్టు. హరికథలో దాసుగారు గుసగుసగా చెప్తూ చెప్తూ ఒక్కసారి గజ్జె కొట్టి కేక పెడతారు. చెవి పదిలం. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్ దాకా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పైన వీళ్లు 106 అని మురిసిపోతున్నారే, అది వినడానికి కాదు.

బరంపురం బావ:
ఆంప్ వద్దు, డాక్ వద్దు, సౌండు వద్దు. ఇంక ఈ చర్చ ఎందుకు పెట్టినట్టో.

పర్లాకిమిడి కుర్రాడు:
మూడు వారాలైంది, ఏం చేశానో చెప్పాలి కదా. గద్దెలు విడిగా దొరికే 35 ఓముల, వెనకవైపు మూసి ఉండే హెడ్‌ఫోన్ ఒకటి ఆఫర్‌లో 7,400కి తీసుకున్నాను. ఒడిశా పిన్‌కోడ్ కొడితే వారం అన్నాడు, పాతపట్నంలో మా అత్తయ్యగారి అడ్రసు ఇస్తే మూడు రోజుల్లో వచ్చింది. సైకిలేసుకుని వెళ్లి తెచ్చుకున్నా. ఆంప్ కొనలేదు.

మొదటి క్యాసెట్ 20 పెంచి, రాత్రి పదింటికి ఫ్యాను ఆపేసి విన్నాను. దాసుగారు ఇప్పుడు ఎదురుగా ఉన్నారు. చిడతలు కుడి ఎడమ ఏమీ లేవు, మోనోయే కదా, నుదుటి మధ్యలో మోగుతున్నాయి. పదకొండో నిమిషం దగ్గర కథలో లేని చప్పుడు వచ్చింది. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. కుక్కర్ ఈల. దాని తర్వాత మా అమ్మ గొంతు, "ఏవండీ, గుంటడు ఏడుస్తన్నాడు, సూడండి" అని. నాన్నగారు "ష్" అన్నారు. ఆ ఏడుపు నాదే అయ్యుండాలి. అమ్మని అడిగితే చెప్పింది: అప్పట్లో మాకున్నది రేడియో వేరు, టేపు రికార్డరు వేరు. రెండిటినీ కలిపే వైరు లేక, రేడియో ముందు టేపు రికార్డరు పెట్టి, దాని మైకుతోనే ఎక్కించేవారట. సౌండు అంత తక్కువ ఎందుకుందో అప్పుడర్థమైంది.

జయపురం సోల్డర్:
రొద తీసేసే ఫిల్టరు మాత్రం వేయకు తమ్ముడూ. ముందు కుక్కరే పోతుంది.

బరంపురం బావ:
మరి మిగిలిన 1,600? ఇప్పటికైనా డాంగిల్ తీసుకో, ఆంప్ అని నేను పిలుచుకుంటాను.

పర్లాకిమిడి కుర్రాడు:
లేదు బావగారూ. టేపు రికార్డరు బెల్టు సాగిపోయి పాట ఊగుతోంది, ముందు అది మార్చాలి. ఇంకా 31 క్యాసెట్లు దింపాల్సినవి ఉన్నాయి. జయపురంలో ఆ సైజు రబ్బరు బెల్టు దొరుకుతుందా, ఎవరికైనా తెలుసా?