క్యూరియాసిటీ ఫొటోలతో 12 అడుగుల గోడ ప్రింటు: అతుకులు, రంగు, ధూళి

ఎర్రనేల:
అంగారకుడి మీది గేల్ క్రేటర్‌లో నాసా రోవరు క్యూరియాసిటీ తీసిన ఫొటోలతో గ్రంథాలయం గోడకు 12 అడుగుల వెడల్పు ప్రింటు చేయాలి. బాణాలూ పేర్లూ ఉన్న సైన్సు పోస్టరు కాదు, ఒక కొండల దృశ్యంగా నిలబడాలి. నాసా రా ఇమేజ్ పేజీలోని మాస్ట్‌క్యామ్ (రోవరు మాస్టు, అంటే నిలువు స్తంభం, మీది జంట కెమెరా) ఫ్రేముల్ని హ్యూజిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే హొరైజన్ అలలుగా వంగుతోంది, దగ్గరి రాళ్లు రెండేసి పడుతున్నాయి, ఆకాశంలో నిలువు పట్టీలు వస్తున్నాయి. ఇక రంగు: ఆటో వైట్ బ్యాలెన్స్ నొక్కితే అచ్చం అనంతపురం గుట్టల్లా ఉంటోంది, నొక్కకపోతే అంతా ఒకటే పసుపు. రిజల్యూషన్ ఎంత ఉండాలి? 360 డిగ్రీలూ పెట్టాలా?

అతుకులమాస్టారు:
ముందు ఫైలు పేరు చూడండి. ఎంఎల్ (ML) అంటే ఎడమ కెమెరా, 34 ఎంఎం లెన్సు. ఎంఆర్ (MR) అంటే కుడిది, 100 ఎంఎం. ఈ రెండిటినీ ఒకే ప్రాజెక్టులో కలపకండి. పేరు చివర్లో అంకెల ముందు ఐ (I) అక్షరం ఉంటే అది థంబ్‌నెయిల్, వదిలేయండి. ఈ (E) అక్షరం ఉంటే రంగు జేపీఈజీ. సీ (C) ఉంటే బేయర్ గళ్లు (ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగే నమోదైన నమూనా) అలాగే ఉంటాయి, డీబేయర్ చేసి పూర్తి రంగు తీయకపోతే బూడిదరంగు చదరంగంలా కనిపిస్తుంది. 2023 సెప్టెంబరులో ఎడమ కెమెరా ఫిల్టర్ చక్రం మధ్యలో ఇరుక్కుంది కాబట్టి ఆ రోజుల ఎంఎల్ ఫ్రేములు ఈ పనికి వద్దు.

లెన్సు రెక్టిలీనియర్, అంటే సరళ రేఖల్ని వంచదు. 1344 పిక్సెళ్ల ఫ్రేముకు అడ్డంగా కోణం ఎంఎల్‌కు సుమారు 16.9 డిగ్రీలు, ఎంఆర్‌కు 5.7. ఈ విలువ చేత్తో ఇచ్చి, మొదట యా, పిచ్, రోల్ (కెమెరా పక్కకు తిరగడం, పైకీ కిందికీ వంగడం, ఒరగడం) మాత్రమే ఆప్టిమైజ్ చేయండి. కోణాన్ని కూడా వదిలేస్తే కంట్రోల్ పాయింట్లు (రెండు ఫ్రేముల్లోనూ కనిపించే ఒకే బిందువులు) తక్కువున్న చోట అది ఎటో పోతుంది.

హొరైజన్ వంగడానికి కారణం రోవరు వాలు మీద నిలబడి ఉండడం. మాస్టు తిరిగే అక్షం నిట్టనిలువుగా లేదు, అందుకే గీత ఒకవైపు లేచి ఒకవైపు దిగుతుంది. దూరపు క్రేటర్ అంచు వెంబడి హారిజాంటల్ లైన్ పాయింట్లు అయిదారు పెడితే సర్దుకుంటుంది. క్రేటర్ మధ్యలోని కొండ మౌంట్ షార్ప్ వాలు మీద మాత్రం పెట్టకండి. అది నిజంగానే వాలు, దాన్ని చదును చేస్తే కొండే చచ్చిపోతుంది.

రాళ్లు రెండవడం పారలాక్స్. మాస్టు తిరిగినప్పుడు లెన్సు కూడా చోటు మారుతుంది. దూరపు నేల మీది పాయింట్లే ఉంచి, దగ్గరి రాళ్ల విషయంలో ఒక్కో రాయి ఒకే ఫ్రేములో పూర్తిగా ఉండేలా మాస్కు గీయండి. అతుకు రాయి మధ్యలోంచి పోకూడదు, నీడలోంచో ఇసుకలోంచో పోనివ్వండి.

ఆకాశం పట్టీలకు విగ్నెటింగ్ (ఫ్రేము అంచులు చీకటిపడడం), ఎక్స్‌పోజర్ రెండూ ఆప్టిమైజ్ చేసి 16 బిట్ టిఫ్‌గా తీయండి.

మసకదూరం:
రంగు గురించి. ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫ్రేముకు వేరే లెక్క వేస్తుంది, మీ పట్టీల్లో సగం అక్కడినుంచే వస్తున్నాయి. ఏ సవరణ చేసినా అన్ని ఫ్రేములకూ ఒకే విలువ. రోవరు మీద రంగులు సరిచూసే సన్‌డయల్ బూడిద వలయాన్ని తటస్థంగా తీసుకోవాలనిపిస్తుంది కానీ దాని మీదా ఎర్ర ధూళే. దాన్ని బూడిదరంగు అని నమ్మితే దృశ్యమంతా నీలంవైపు జారుతుంది.

అసలు ధూళిని తీసేయాలన్న ఆలోచనే ఈ ప్రింటుకు నప్పదు. అక్కడ చెట్టు లేదు, ఇల్లు లేదు, కొండ ఎంత పెద్దదో చెప్పే వస్తువే లేదు. దూరాన్ని చెప్పేది ఆ గాలిలోని ధూళి ఒక్కటే: దగ్గరి రాయి ముదురుగా, నడిమి దిబ్బ లేతగా, క్రేటర్ అంచు ఆకాశంలో కలిసిపోతూ. గాలి లేని చంద్రుడి మీద అపోలో ఫొటోల్లో దూరపు కొండ కూడా దగ్గరి బండంత స్పష్టంగా ఉంటుంది, వ్యోమగాములే దూరాలు తప్పుగా అంచనా వేశారు. అంగారకుడి మీద ప్రకృతి ఇచ్చిన ఆ లోతును మసక తీసే డీహేజ్ స్లైడరుతో చెరపకండి. నీలం ఛానెల్ పది శాతం పెంచితే చాలు, అక్కడితో ఆపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, సమయం. 2019 నవంబరు 24 నుంచి డిసెంబరు 1 మధ్య తీసిన 180 కోట్ల పిక్సెళ్ల పనోరమాకు వెయ్యికి పైగా ఫొటోలు వాడారు, వెలుతురు మారకూడదని స్థానిక కాలం మధ్యాహ్నం 12 నుంచి 2 లోపే తీశారు. భూగర్భ శాస్త్రానికి అదే సరైన పద్ధతి, గోడ మీద మాత్రం నీడలు లేక చప్పగా ఉంటుంది. దాని పక్కన 2021 నవంబరు 16 నాటి నావ్‌క్యామ్ (రోవరు దారి చూసుకునే కెమెరా) చిత్రం పెట్టి చూడండి. ఉదయం 8:30కి, సాయంత్రం 4:10కి తీసిన నలుపు తెలుపు దృశ్యాల్ని కలిపి నీలం, నారింజ, ఆకుపచ్చ అద్దారు. రంగు కల్పితమే, కానీ పక్కనుంచి పడే వెలుగులో ప్రతి గట్టూ లేచి నిలబడుతుంది. రా పేజీలో యూటీసీ (భూమి మీది ప్రామాణిక) సమయం ఉంటుంది, మార్స్24 ప్రోగ్రాములో వేస్తే రోవరు దగ్గరి గంట తెలుస్తుంది. సాయంత్రపు వరుసలు వెతకండి.

ఫ్లెక్సీబోర్డు:
360 వద్దు. ఒక చివర సూర్యుడు ఎదురుగా, ఇంకో చోట వీపు వెనక, గోడ మీద పరిచేసరికి వెలుగు ఎటునుంచి వస్తోందో కంటికి అందదు. ఆరడుగుల దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 100 పిక్సెళ్లు సరిపోతాయి. 12 అడుగులకు 14,400. ఎంఎల్ కెమెరాకు అది దాదాపు 181 డిగ్రీలు, అంటే వరుసకు సుమారు 14 ఫ్రేములు. రెండు వరుసలే దొరికితే ఎత్తు 22 అంగుళాలు దాటదు, ముందే చూసుకోండి.

ప్రింటు షాపులో రంగులు గాఢంగా కొట్టే సెట్టింగు ఉంటుంది, ఆపేయమనండి. లేత నారింజ సీఎంవైకేలో (ప్రింటు సిరాల రంగుల్లో) ఇటుకరంగుకు పోతుంది. ఆకాశం, క్రేటర్ అంచు, నీడ మూడూ వచ్చేలా అడుగు వెడల్పు ముక్క ముందు కొట్టించి, అదే గోడ దగ్గర, అదే లైటు కింద చూడండి. మ్యాట్ కాన్వాస్ మేలు, గ్లాసీ మీద ట్యూబ్‌లైటు మెరుపే కనిపిస్తుంది. ఆకాశంలో జేపీఈజీ గళ్లు తేలితే ఒకటి రెండు శాతం సన్నటి గ్రెయిన్ కలపండి.

ఎర్రనేల:
పై అంచున ఫ్రేములు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఆకాశాన్ని నింపేయవచ్చా?

అతుకులమాస్టారు:
కొంచెమైతే కత్తిరించండి. ఎత్తు చాలకపోతే పక్కనున్న రంగునే పైకి సాగదీసి నింపండి, మేఘాలు మాత్రం గీయకండి. కింద పట్టీ మీద "ఆకాశం పైభాగం పూరించినది" అని, సోల్ (అంగారకుడి రోజు) నంబరు, "నాసా/జేపీఎల్-కాల్‌టెక్/ఎంఎస్‌ఎస్‌ఎస్" అని వేయండి.