చెన్నై కుప్పాల గుండా పిల్లలతో చరిత్ర నడక, నిధి వేట: మీ అనుభవాలు చెప్పగలరు

తిరువాన్మియూరు నివాసి

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాల పిల్లలు పద్నాలుగు మంది, ఎనిమిది నుంచి పదమూడేళ్ల వారు, సంక్రాంతి తరువాత ఒక ఆదివారం ఉదయం సముద్రతీరంలోని కుప్పాల, అంటే మత్స్యకారుల పల్లెల గుండా చరిత్ర నడకకు బయలుదేరుతున్నారు. ఊరికే నడిపించి చెబుతూ పోతే అరగంటకే విసిగిపోతారు కనుక, దారి పొడవునా ఆధారాలు వెతుక్కుంటూ వెళ్లే నిధి వేటగా దానిని మలచాలని మా ఆలోచన. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి నొచ్చికుప్పం మీదుగా శాంథోమ్ చర్చి వరకు ఒక దారి గీసుకున్నాము. ఇలాంటిది ఇదివరకు చేసినవారు ఎక్కడ మొదలుపెట్టారో, ఎలాంటి ప్రశ్నలు ఇచ్చారో, ఏది బెడిసికొట్టిందో చెబితే మాకు ఎంతో మేలు. మా పిల్లల్లో సగం మందికి తమిళం చదవడం వచ్చు, మిగిలినవారికి రాదు.

పాత పటాల ప్రియుడు

లైట్‌హౌస్ దగ్గర కాదండీ, ఐస్ హౌస్ దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అని పిలిచే ఆ గుండ్రటి భవనాన్ని 1842లో ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు మంచు గడ్డలు నిల్వ చేయడానికి కట్టించాడు. అమెరికాలో చెరువులు చలికాలంలో గడ్డకడితే ఆ మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడలకెక్కించి ఇంత దూరం తెచ్చి మద్రాసులో అమ్మేవారు. 1897లో వివేకానందులవారు అక్కడ బస చేయడం వల్ల ఈనాటి పేరు వచ్చింది.

పిల్లలను ఆ భవనం ముందు నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: కరిగిపోయే సరుకును దాచే గోదామును సముద్రానికి ఇంత దూరాన ఎవరైనా కడతారా? తరువాత రోడ్డు దాటించి, నీళ్లు పాదాలకు తగిలే వరకు అడుగులు లెక్కపెట్టమనండి. ఆ లెక్కే మీ వేటలో మొదటి నిధి. ఎందుకంటే కట్టిన కాలంలో ఆ భవనం సముద్రానికి ఎదురుగా, దగ్గరలోనే ఉండేది. జరిగింది భవనం కాదు, తీరం.

కారణం రేవు. 1875లో హార్బరు పనులు మొదలయ్యాయి. 1881లో వచ్చిన తుపాను కట్టినదానిలో చాలా భాగాన్ని దెబ్బతీసినా, మళ్లీ కట్టారు. మన తీరంలో కెరటాలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కువగా మోసుకుపోతాయి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ రాతి గోడలు ఇసుకకు అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుపోయి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం, కాసిమేడు వైపు ఇసుక అందక తీరం కోతకు గురైంది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ విహారమార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టే నాటికే ఈ మార్పు మొదలై ఉంది. ఒకవైపు వారికి షికారు స్థలం దొరికిన అదే రాళ్ల వల్ల మరోవైపు వారి ఇళ్లు సముద్రంలో కలిశాయన్న సంగతిని పదేళ్ల పిల్లలు తేలికగానే అర్థం చేసుకుంటారు, చాలాసేపు మరచిపోరు కూడా.

ఇంకొక ఆధారంగా 2004 సునామీలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కుప్పంలో అడిగి కనుక్కోమని ఇవ్వవచ్చు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. కొన్నేళ్ల క్రితం మా వీధి పిల్లల కోసం ఒక కుప్పంలో చీటీలను చిన్న డబ్బాలలో పెట్టి, పడవల కింద, వలల కుప్పల్లో ముందురోజు సాయంత్రమే దాచాను. తెల్లవారేసరికి రెండు పడవలు సముద్రంలోకి వెళ్లిపోయాయి. అది చిన్న విషయం. ఒక పిల్లవాడు డబ్బా కోసం వలను లాగాడు. వలను నీళ్లలోకి ఏ వరుసలో వదలాలో ఆ వరుసలోనే మడిచి పెడతారన్న సంగతి నాకు తెలియదు. మడత అంతా చెదిరి, రెండుచోట్ల కన్నులు తెగాయి. ఆ ఇంటి పెద్దావిడ మమ్మల్ని కోప్పడింది, కోప్పడటం న్యాయం కూడా. ఆవిడ కొడుకు ఆ రోజు వేటకు వెళ్లకుండా కూర్చుని వల బాగుచేసుకున్నాడు. ఆ రోజు సంపాదన నష్టాన్ని నేను డబ్బుగా ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పటికీ ఆ ముఖం గుర్తుకు వస్తుంది.

అప్పటి నుంచి నేను ఏదీ దాచను. నిధి అంటే వస్తువు కాకుండా, కంటితో చూసి మాత్రమే చెప్పగల జవాబు కావాలి. నొచ్చికుప్పం లూప్ రోడ్డులో నిలబడి, ఒడ్డున ఉన్నవాటిలో దుంగలు కట్టిన తెప్పలు ఎన్ని, ఫైబర్ పడవలు ఎన్ని అని లెక్కపెట్టించండి. కట్టు, మరం (కొయ్య) అనే రెండు తమిళ మాటలు కలిసి కట్టుమరమై, అది ఇంగ్లీషులోకి వెళ్లి కెటమరాన్ అయింది. ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టింది ఇలాంటి తీరంలోనే.

లైట్‌హౌస్‌కు నేను ఇచ్చే పొడుపు కథ ఇది: "నడవలేదు కానీ మూడుసార్లు ఇల్లు మారింది, పగలు నిద్రపోతుంది, రాత్రి కన్ను తెరుస్తుంది." 1796లో సెయింట్ జార్జి కోటలోని భవనం మీద వెలిగిన దీపం, 1844లో హైకోర్టు ఆవరణలో నేటికీ నిలిచి ఉన్న రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గోపురం మీదికి, 1977లో మెరీనాకు చేరింది. ఈ నాలుగు చోట్లను ముందుగానే ఒక పటం మీద చుక్కలుగా పెట్టి ఇస్తే పిల్లలే గీత కలుపుతారు.

మసూలా పడవ గురించి కూడా తప్పక చెప్పండి. రేవు లేని రోజులలో ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకులనూ, బహుశా ఆ మంచు గడ్డలనూ, ఒడ్డుకు చేర్చినది ఈ పడవలే. పలకలను మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటాల దెబ్బకు పగిలిపోయే చోట, కుట్టిన పడవ వంగి, సాగి, తట్టుకునేది. రెండు దళసరి అట్టలకు రంధ్రాలు చేసి, పురికొస ఇచ్చి పిల్లలతోనే కుట్టించండి. పదినిమిషాల పని, కానీ ఆ కుట్టు బిగువును చేతితో పట్టుకుని చూసిన పిల్లలకు విడిగా వివరించనక్కరలేదు.

కాసిమేడు మనవరాలు

మా తాతగారు నెల్లూరు తీరంలోని ఒక పట్టపుపాలెం (మత్స్యకారుల ఊరు) నుంచి కాసిమేడు వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఈ చర్చ నా మనసుకు దగ్గరది.

సునామీ ప్రశ్న దయచేసి వద్దు. పటాల ప్రియుడు గారు మంచి ఉద్దేశంతోనే అన్నారని తెలుసు. కానీ డిసెంబరు 26 వస్తే ఇప్పటికీ మా వాళ్లు సముద్రంలో పాలు పోసి, పూలు వదిలి ఏడుస్తారు. పిల్లలు కాగితం పట్టుకుని వచ్చి "మీ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి" అని మార్కుల కోసం అడగడం ఆ ఇంటివాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. వాళ్లంతట వాళ్లు చెబితే కూర్చుని వినండి, అది వేటలో భాగం కాకూడదు.

రెండవది, ముందుగా వెళ్లి ఆ కుప్పం పంచాయతీ పెద్దలను కలవండి. ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఉంటారు అన్నది చెబితే చాలు. కుప్పాలలో ఊరి కట్టుబాటు ఈనాటికీ గట్టిది. చెప్పి వచ్చిన వారిని చూసే చూపు వేరు, చెప్పకుండా వచ్చిన వారిని చూసే చూపు వేరు. చేపల వేలం ఆడవారి చేతుల్లో సాగే పని, అది కూడా నిమిషాల్లో ముగిసే పని. ఆ సమయంలో ఫొటోల కోసం వారికి అడ్డంగా నిలబడనివ్వకండి. పోటీగా కాకుండా, వేలం అంతా ముగిసాక ఒక్కో జట్టుకు కొంత డబ్బు ఇచ్చి, "అక్కా" అని పిలిచి అడిగి ఒక రకం చేపను కొనుక్కు రమ్మనండి. 2024లో నొచ్చికుప్పం లూప్ రోడ్డులో కట్టిన కొత్త మార్కెట్టులో నింపాదిగా మాట్లాడవచ్చు.

తమిళం రాని పిల్లల గురించి అడిగారు. వాళ్లకు రాదని మీరు అనుకుంటున్నారు, అంతే. వల అంటే వలై, పడవ అంటే పడగు, నెత్తళ్లు అంటే నెత్తిలి, వంజరం అంటే వంజిరం, కవళ్లు అంటే కవలై. రెండు వరుసలుగా రాసి ఇచ్చి, తెలుగు మాటకు జతను ఒడ్డున విని పట్టుకోమనండి. ఇది మా తాతగారు మాతో ఆడిన ఆట. జనవరిలో వీచే ఉత్తరపు గాలిని వాడై అనీ తూర్పు గాలిని కొండల్ అనీ అంటారు. వేలు తడిపి గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, దాని పేరు అక్కడి పెద్దలను అడగమనండి.

చిన్న పిల్లలను ఆదివారం కాసిమేడు హార్బరుకు మాత్రం తీసుకురాకండి. తెల్లవారుజామున అక్కడి రద్దీలో, తడి నేల మీద, బండ్ల మధ్య పద్నాలుగు మందిని కాచుకోవడం కష్టం. రాయపురం స్టేషను చూడాలనుకుంటే మరో రోజు పెట్టుకోండి. 1856లో దక్షిణాదిలో మొదటి రైలు అక్కడి నుంచే బయలుదేరింది.

పాత పటాల ప్రియుడు

మీరు చెప్పినది నిజమమ్మా. ఆ ప్రశ్నను నేను వెనక్కి తీసుకుంటున్నాను. నేను నీటిమట్టం గురించి మాత్రమే ఆలోచించాను, ఇంటి గురించి ఆలోచించలేదు.

తడ వాసి

మీరంతా కూవం, అడయారు నదుల మధ్యే ఆగిపోయారు. ఈ నగరం కథ మొదలయింది మా వైపు. మీ పిల్లలు తెలుగువారు కనుక ఇది వారికి తప్పక చెప్పాలి.

డచ్చివారు 1610లో చంద్రగిరి ప్రభువు వేంకటపతి రాయల అనుమతితో పులికాట్‌లో నిలదొక్కుకుని, 1613 నాటికి గెల్డ్రియా అనే కోట కట్టారు. ఇక్కడి బట్టలు తూర్పు దీవులకు పోయేవి, అక్కడి సుగంధ ద్రవ్యాలు ఓడలకెక్కేవి. మనుషులను బానిసలుగా కొని ఎగుమతి చేసిన పాపం కూడా ఆ రేవులోనే జరిగింది, దానిని దాచి చెప్పవద్దు. డచ్చివారి పోటీ తట్టుకోలేక ఇంగ్లీషువారు 1626లో కొంచెం ఉత్తరాన, నేటి దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టారు. అక్కడా లాభం లేక, ఆ గిడ్డంగి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెతుక్కుంటూ వచ్చాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల వేంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసపట్నం అనే తీరగ్రామం దగ్గర స్థలం పొందాడు. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వెలిసింది. పిల్లలు చదివే బడి చిరునామాలో ఒక తెలుగు నాయకుడి తండ్రి పేరు ఉందన్నమాట!

పులికాట్‌లో కోట ఇప్పుడు కందకం, మట్టిదిబ్బ మాత్రమే. కానీ డచ్చివారి శ్మశానం చూడదగినది. వాకిలికి రెండు వైపులా అస్థిపంజరాల శిల్పాలు, లోపల రాతి పలకల మీద చెక్కిన వంశ చిహ్నాలు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది కనుక రాళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దడం వద్దు, చూసి బొమ్మ గీసుకోమనండి. సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలన్నది సంప్రదాయంగా వంతుల ప్రకారం నిర్ణయించుకునే పద్ధతిని పాడు అంటారు. అడిగితే వివరంగా చెప్పే పెద్దలు ఉన్నారు. పిల్లలను పడవ మాత్రం ఎక్కించకండి. 2011 క్రిస్మస్ నాడు ఇక్కడ పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు.

బెసంత్ నగర్ నడక

నాది చిన్న మాట. అలిసిపోని పిల్లలుంటే ఎలియట్స్ బీచిలోని ష్మిట్ స్మారకం చూపండి. 1930 డిసెంబరు 30న ఇతరులను కాపాడబోయి తాను మునిగిపోయిన డెన్మార్క్ వ్యక్తి జ్ఞాపకార్థం కట్టినది. సముద్రంలోకి దిగవద్దని మనం వందసార్లు చెప్పేకన్నా ఆ రాతి మీది మాటలు పిల్లల చేత చదివించడం మంచిది. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. 1988 నుంచి విద్యార్థులే నడుపుతున్న తాబేళ్ల రాత్రి నడకలు నీలాంకరై నుంచి బెసంత్ నగర్ వరకు సాగుతాయి, పెద్ద పిల్లలకు అది వేరే అనుభవం.

తిరువాన్మియూరు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. గత ఆదివారం వెళ్లి వచ్చాము. ఏదీ దాచలేదు, సునామీ ప్రశ్న పెట్టలేదు.

ఐస్ హౌస్ నుంచి నీళ్ల వరకు ఒక జట్టు లెక్క ఏడు వందలు దాటింది, రెండవ జట్టుకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఎవరిది సరి అన్న తగవు తీరక, తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి మళ్లీ లెక్కపెట్టారు. అడుగు పొడవు ఒకటి కాదన్న సంగతి వాళ్లకే తట్టింది. కుట్టిన అట్టలను రెండు రోజులుగా ఇంట్లో బకెట్టులో తేలుస్తున్నారు.

నొచ్చికుప్పంలో మేము ముందుగా కలిసిన పెద్దాయన, అడగకుండానే, పిల్లలను ఒక వల దగ్గర కూర్చోబెట్టి తెగిన కన్ను ఎలా అల్లాలో చూపించారు. మా పిల్లల్లో ఒక అమ్మాయి ఆయన పక్కనే అరగంట ఉండిపోయి, చివరికి మూడు కన్నులు తానే అల్లింది. మిగిలిన ప్రశ్నలు పూర్తి చేయలేదు కనుక ఆ జట్టు ఓడిపోయింది, అయినా ఎవరూ ఆమెను లేపలేదు. మాటల జతల్లో పదకొండు దొరికాయి. మేము కొన్నది నెత్తళ్లు, కవళ్లు.

తడ వాసి గారూ, పులికాట్‌కు ఫిబ్రవరిలో వద్దామనుకుంటున్నాము. పాడు గురించి చెప్పగల పెద్దలను ముందుగా కలవడానికి నేను ఒక్కడినే ఒకసారి రావాలని ఉంది. ఏ రోజు వస్తే వాళ్లకు వేట లేకుండా ఉంటుందో తెలుపగలరు.