పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కాలువలకు ఇప్పుడు కోర్టు అడ్డు ఉందా? బోరు వేయాలా, ఆగాలా?

మాది మహబూబ్‌నగర్ జిల్లా. ఐదెకరాల మెట్ట భూమి. 2015లో కరివెన దగ్గర శంకుస్థాపన చేసినప్పుడు, శ్రీశైలం వెనుక జలాలు ఎత్తిపోసి లక్షల ఎకరాలకు నీళ్లు ఇస్తామన్నారు. నాన్న ఆ మాట నమ్మి అప్పటి నుంచి కొత్త బోరు వేయలేదు. ఉన్న రెండూ ఎండిపోయాయి.

నాకు తెలిసినంత వరకు జరిగింది ఇది: తాగునీటి పేరుతో పర్యావరణ అనుమతి లేకుండానే సాగునీటి పనులు చేస్తున్నారని ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు కేసు వేస్తే, 2021 అక్టోబర్‌లో చెన్నై హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) పనులు ఆపమంది. 2022లో భారీ జరిమానా కూడా వేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చి, 7.15 టీఎంసీల తాగునీటి పనులకు మాత్రం ఒప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నార్లాపూర్ పంప్‌హౌస్‌లో ఈ పథకం మొదటి మోటారు ఆన్ చేశారు.

కేసు వేసినవాళ్ల మీద నాకు కోపం లేదండి, వాళ్లకూ పొలాలున్నాయి. అనుమతి ముందే తీసుకుని ఉంటే ఇన్నేళ్లు పోయేవి కాదు, బాధ అదే.

సాగునీటి కాలువలు తవ్వడానికి ఇప్పుడు చట్టపరంగా వీలుందా? మా సర్వే నంబరు ఆయకట్టులో ఉందో లేదో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద ఏ అధికారిని అడగాలి? బోరంటే మళ్లీ అప్పే. ఈ ఎండాకాలం లోపు తేల్చుకోవాలి, నాన్న రోజూ అడుగుతున్నారు. ఇరిగేషన్ శాఖలో పనిచేసినవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.