జోసెఫ్ బ్రాంట్ తన మోహాక్ జనాన్ని ముంచాడా?

గోదారిగట్టు:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో (1775–83) మోహాక్ అనే మూలవాసి జాతి నాయకుడు బ్రాంట్ బ్రిటిష్ వాళ్ళ వైపు పోరాడాడు. లండన్ వెళ్ళి మూడో జార్జిని కలిసొచ్చాడు. తీరా 1783 పారిస్ ఒప్పందంలో మూలవాసుల ఊసే లేదు. వాళ్ళ సొంత గడ్డ మోహాక్ లోయ చేజారింది. ఎటూ చేరకుండా ఉంటే పోయేదా? నా లెక్కలో సొంత జనాన్ని ముంచాడు.

పాతపటాలు:
ఉండనిస్తే కదండీ! మోహాక్‌లు ఉన్న ఆరు మూలవాసి జాతుల సమాఖ్య మొదట తటస్థంగానే ఉంటామంది. బ్రిటిష్ వాళ్ళు, అమెరికన్లు ఇద్దరూ ఊరుకోలేదు. సరే, ఒనైడాలను చూడండి. అదే సమాఖ్య వాళ్ళు, అమెరికన్లతో కలిశారు. 1777 ఆగస్టులో ఒరిస్కనీ దగ్గర మోహాక్‌లు, సెనెకాలు ఒకవైపు, ఒనైడాలు మరోవైపు. గెలిచిన పక్షమేగా, ఏం మిగిలింది? 1785 నుంచి న్యూయార్క్ రాష్ట్రం ఒప్పందం మీద ఒప్పందం రాయించుకుని వాళ్ళ భూమిలో చాలావరకు లాగేసుకుంది.

నిద్రపట్టనోడు:
న్యూయార్క్‌లోని చెర్రీ వ్యాలీ ఊరి ఊసెత్తరేం? 1778 నవంబర్‌లో సుమారు 30 మంది మామూలు జనాన్ని చంపేశారు, ఆడవాళ్ళు, పిల్లలతో సహా. బ్రాంట్ అక్కడే ఉన్నాడు.

పాతపటాలు:
ఉన్నాడు. దండుకు నాయకుడు మాత్రం బ్రిటిష్ పక్షపు అధికారి వాల్టర్ బట్లర్. ఆ జులైలో పెన్సిల్వేనియాలోని వయోమింగ్ లోయలో జరిగిన ఊచకోతనూ బ్రాంట్‌కే అంటగట్టారు, అక్కడ ఆయన లేనే లేడు. అలాగని సాధువేం కాదు, జర్మన్ ఫ్లాట్స్ అనే వలసవాళ్ళ ఊరిని తగలబెట్టింది ఆయనే. మరుసటేడు వాషింగ్టన్ పంపిన సలివన్ సైన్యం సమాఖ్య జనం ఊళ్ళు 40కి పైగా, మొక్కజొన్న చేలతో సహా కాల్చేసింది. దాని సంగతీ మాట్లాడండి మరి.

గోదారిగట్టు:
టాపిక్ మార్చకండి. రాజు మాట నమ్మినవాడు ఒక్క కాగితమైనా రాయించుకోవద్దా?

పాతపటాలు:
రాయించుకున్నాడు! యుద్ధంలో పోయింది తిరిగి సమకూరుస్తామని 1779లో క్యుబెక్ గవర్నర్ హాల్డిమండ్ హామీ ఇచ్చాడు. దాన్ని పట్టుకుని వెంటపడబట్టే 1784లో ఇప్పటి ఒంటారియోలో గ్రాండ్ నదికి రెండు ఒడ్డులా ఆరేసి మైళ్ళ భూమి వచ్చింది.

ఎర్రమట్టి:
అసలు గొడవ అక్కడే. ఆ భూమిలో పెద్ద పెద్ద ముక్కలు తెల్లవాళ్ళకు అమ్మింది, లీజుకిచ్చింది బ్రాంటే. సొంతవాళ్ళలోనే కొందరు అడ్డం తిరిగారు. ఆయనేమో నల్లజాతి బానిసలను పెట్టుకుని దొరలా బతికాడు. వేట తగ్గిపోయింది, జనానికి ఆదాయం కావాలి అన్నది ఆయన వాదన. మేం రాజుకు మిత్రులం, ప్రజలం కాదు, మా భూమి మా ఇష్టం అని అధికారులతో పోట్లాడాడు కూడా. ఆ పోట్లాట నాకు నచ్చుతుంది, అమ్మకాలు నచ్చవు. యుద్ధంలో ఎటు చేరాడన్నది వదిలేసి దీని మీద నిలదీయండి.