అమరావతి స్తూపాన్ని సాంచిలా తిరిగి కట్టవచ్చా?

తపాలాపెట్టె:
1949 ఆగస్టు 15న విడుదలైన తపాలా బిళ్లల్లో మూడణాల బిళ్ల మీద సాంచి స్తూపం, దాని తూర్పు తోరణం ఉంటాయి. ఆల్బం తిరగేసినప్పుడల్లా అక్కడ ఆగిపోతాను. సాంచి గుమ్మటం అడ్డుకొలత 36 మీటర్ల పైచిలుకు. మన అమరావతి స్తూపం, అంటే మహాచైత్యం, అంతకంటే చాలా పెద్దది. ఇప్పుడు వెళితే కనిపించేది గడ్డి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. సాంచి మాత్రం చెక్కుచెదరకుండా నిలిచిందా? 1822లో దాన్నీ ఒక పక్కన పైనుంచి కిందిదాకా చీల్చేశారు. 1880లలో మేజర్ కోల్, 1912 తర్వాత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ బాగుచేయిస్తేనే ఈ రూపం వచ్చింది. మరి అమరావతికి ఆ భాగ్యం ఎందుకు ఉండకూడదు?

పాతరాయి:
పోలిక కుదరదండీ. సాంచిలో కూలింది కొంత, నిలిచింది ఎంతో. అమరావతిలో మిగిలిందే లేదు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో ఇటుకలు, రాళ్లు కొత్త ఊరి కట్టడాలకు పోయాయి. కొన్ని పలకలను సున్నానికి కాల్చేశారు. 1816లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ రెండోసారి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. గుమ్మటం ఎంత ఎత్తు ఉండేదో చెప్పడానికి గుమ్మటమే లేదు. ఇక కట్టేది స్తూపాన్నా, మన ఊహనా?

కృష్ణాతీరం:
ఊహ ఎందుకవుతుంది? స్తూపం బొమ్మను స్తూపం పలకల మీదే చెక్కారు కదా! ప్రాకారం, సింహాలు, వాకిలి ఎదుట ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద వరుసగా అయిదు స్తంభాలు (ఆయక స్తంభాలంటారు), పైన పూలదండలు. ఇంత వివరమైన నమూనా ఏ కట్టడానికి దొరుకుతుంది? నాగార్జునసాగర్ నీళ్లు వస్తున్నాయని నాగార్జునకొండ కట్టడాలను కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టలేదా? అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?

పాతరాయి:
అక్కడ మునిగిపోయే ముప్పు తరుముకొచ్చింది, ఇక్కడ తొందరేమీ లేదు. పైగా శిల్పి చెక్కింది స్తూప వైభవం, కొలతల పటం కాదు. పలక పలకకూ బొమ్మ మారుతుంది. దేన్ని నమ్మి ఇటుక పేరుస్తారు?

తపాలాపెట్టె:
ఈ మాటకు నా ఆల్బంలోనే సాక్ష్యం ఉంది, నాకు వ్యతిరేకంగా! అదే వరుసలోని అణా బిళ్ల మీద బోధిసత్త్వుడి బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చువేశారు. 1950లో సరిదిద్ది మళ్లీ వేశారు. కాగితం కాబట్టి సరిపోయింది. అయినా పిల్లలకు దిబ్బ చూపించి 'ఇదే మహాచైత్యం' అంటే వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో చూశాను. నా మనసు ఇంకా కట్టాలనే అంటోంది.

దీపాలదిన్నె మాస్టారు:
మీరంతా గుమ్మటం దగ్గరే ఆగిపోయారు. ఆ మూడణాల తోరణం సంగతి చూడండి. భోపాల్ బేగం సాంచి తోరణాన్ని ఇంగ్లండుకు ఇస్తామని 1868లో మళ్లీ అడిగితే, బ్రిటిష్ అధికారులు వద్దని, తూర్పు తోరణానికి ప్లాస్టర్ అచ్చు మాత్రం తీయించుకున్నారు. మన పలకలు అప్పటికే, 1859లోనే, లండన్ చేరిపోయాయి. తొమ్మిదేళ్ల తేడా! అదే అచ్చు పని ఇప్పుడు మనమూ చేయవచ్చు. లండన్, చెన్నై మ్యూజియంలలోని పలకలకు నకళ్లు తీయించి, ఇవి నకళ్లని పక్కనే రాసి, దిబ్బ చుట్టూ ప్రాకారం వరకు నిలబెడితే చాలు. గుమ్మటం జోలికి పోవద్దు.

పాతరాయి:
నకలని రాస్తే నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. కానీ బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. నకలు నిలబెట్టేటప్పుడు ఏ ముఖాన్ని బయటికి పెడతారు?

దీపాలదిన్నె మాస్టారు:
రెండు వైపులా జనం నడిచేలా నిలబెడదాం. ప్రదక్షిణ ఎలాగూ చేస్తారు కదా.