ఎగిరే పక్షుల కోసం: కెనాన్ 200డి 2 కొనాలా, ఆర్‌7 కొనాలా?

ఉప్పలపాడు చెరువు దగ్గర కొంగలు, గూడబాతులు ఎగిరేటప్పుడు ఫొటోలు తీయాలి. ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం లెన్స్ ఉంది. ఏ కెమెరా బాడీ (లెన్స్ లేని కెమెరా) కొనాలన్న దగ్గరే తేలడం లేదు.

200డి 2 చవక. వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే ఒక చార్జింగ్‌తో 1,070 ఫొటోల దాకా వస్తాయట. ఆర్‌7లో అందులో సగం కూడా రావు. కానీ 200డి 2 వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు (ఫోకస్ పట్టే చోట్లు) 9 మాత్రమే, అవీ మధ్యలో గుమిగూడి ఉంటాయి. పక్షి అంచుకు జరిగితే ఫోకస్ వెనక చెట్ల మీదికి పోతుంది. వేగం సెకనుకు 5 ఫ్రేములే. లెన్స్ ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడితే సరిచేసే మైక్రో అడ్జస్ట్‌మెంట్ కూడా లేదు (నాకు ఇదే పెద్ద లోటు).

ఆర్‌7 పక్షి కన్నును తానే పట్టుకుంటుంది. మెకానికల్ షటర్‌తో సెకనుకు 15 ఫ్రేములు. ఎలక్ట్రానిక్ షటర్‌లో 30 వస్తాయి గానీ, సెన్సర్ వరుసలవారీగా నెమ్మదిగా చదవడం వల్ల రెక్కలు వంకరగా పడతాయి.

ఆర్‌7 వాడేవాళ్లు చెప్పండి: అడాప్టర్‌తో (ఈ లెన్స్‌ను ఆర్‌7కు కలిపే రింగు) 55-250 పెడితే ట్రాకింగ్ (కదిలే పక్షిని ఫోకస్ వెంబడించడం) నిలుస్తుందా? తెల్లవారుజామున 1/2000 షటర్, ఎఫ్5.6 దగ్గర ఐఎస్ఓ (తక్కువ వెలుగులో పెంచే సెట్టింగ్) 6400 దాటితే నాయిజ్ (ఫొటోలో పడే చుక్కలు) భరించగలమా? లేక 200డి 2 తీసుకుని, మిగిలిన డబ్బు 400 ఎంఎం లెన్స్ మీద పెట్టడం మేలా?